రిక్షా చాచాకు నేనిచ్చిన మత్తు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, మేం చదువుకునే కాలానికి మా వరంగల్‌లో డాక్టర్లంటే రెండే రకాలు. సూదిమందు ఇచ్చే డాక్టర్లు, కోసే డాక్టర్లు. మొదటి రకానికి గౌరవం దక్కేది, రెండో రకానికి గౌరవంతో పాటు భయం కూడా దక్కేది. ఈ రెండింట్లోనూ చేరకుండా, కోసేవాళ్ల పక్కన నిలబడి, కోయించుకునేవాళ్లను నిద్రపుచ్చి మళ్లీ లేపే మూడో రకం ఒకటుందని మా మట్టెవాడలో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే ఎంబీబీఎస్‌లో చేరేదాకా నాకూ తెలియదు. చేరాక తెలిసింది గానీ, చివరికి అందులో పడేది నేనేనని తెలియలేదు. మా బాపు (బట్టల దుకాణంలో గుమాస్తా) అప్పటికే మనసులో నాకొక కాన్పుల దవాఖాన కట్టించి, గుమ్మం మీద బోర్డు కూడా రాయించేశాడు. తీరా హౌస్ సర్జన్సీ ముగించి పై చదువుకు దరఖాస్తు పెడితే, కాన్పుల సీట్లన్నీ నాకన్నా ఎక్కువ మార్కులొచ్చినవాళ్లు పట్టుకుపోయారు. నా వంతుకు మిగిలింది మత్తుమందు డిప్లొమా. "చేరతారా, మానేస్తారా?" అని ఆఫీసులో అడిగితే, మానేస్తే ములుగు వైపు ఏ అడవిలోనో ఆరోగ్య కేంద్రానికి పోవాలన్న భయంతో "చేరతాను" అనేశాను. నా జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ నేను భయంతోనే తీసుకున్నాను. ధైర్యంగా తీసుకున్నవేవైనా ఉంటే అవి చీరల దుకాణంలో తీసుకున్నవే.

ఇంట్లో ఈ సంగతి చెప్పిన రోజు మా నాయినమ్మ వక్క నములుతూ అంతా శ్రద్ధగా విన్నది. "అంటె ఏం జేస్తవే బిడ్డా నువ్వు?" అని అడిగింది. "ఆపరేషన్‌కు ముందుగాల మనిషిని పండుకోబెడత నాయినమ్మా" అన్నాను. ఆమె నమలడం ఆపేసింది. "గంతేనా? గిన్నేండ్లు సదివి, కండ్లద్దాలు తెచ్చుకొని, పండుకోబెట్టుడు నేర్సినవా? నీ బాపును, నీ చిన్నాయినలను, నీ మేనత్తలను అందర్ని జోకొట్టి పండుకోబెట్టింది నేనేనాయె. నాకేం సర్టిఫికెట్ ఇచ్చిండ్రే?" అంది. బాపు నవ్వుతాడేమో, కాస్త తేలికవుతుందని ఆశపడ్డాను. ఆయన నవ్వలేదు. ఊహలో కట్టుకున్న దవాఖాన బోర్డును దించుకుంటున్నవాడిలా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అవతల వీధిలో ఎవరైనా "మీ బిడ్డ ఏం డాక్టర్?" అని అడిగితే, "దవాఖానల పని చేస్తాంది" అని మాట తప్పించేవాడట.

చదువు మొదలయ్యాక తెలిసింది, నాయినమ్మ జోకొట్టడానికీ మేం పండుకోబెట్టడానికీ ఉన్న తేడా. ఆమె పిల్లలు వాళ్లంతట వాళ్లే ఊపిరి తీసుకునేవారు. మా పేషెంట్ల ఊపిరి మా చేతుల్లో ఉండేది. అది మాటవరసకు అన్నది కాదు. మత్తు మిషన్‌కు ఒక నల్లటి రబ్బరు సంచి వేలాడేది. మనిషి పడుకున్నాక ఆ సంచిని నొక్కితే ఊపిరి, నొక్కకపోతే లేదు. ఇప్పట్లా పక్కన నిలబడి కూత పెట్టే యంత్రాలు అప్పుడు లేవు. ఒక చెయ్యి సంచి మీద, ఒక వేలు నాడి మీద, చెవి స్టెతస్కోపులో, కళ్లు పేషెంటు పెదాల రంగు మీద పెట్టి నిలబడాలి. తుమ్ము వచ్చినా ఆపుకోవాలి. మా పెద్ద మేడం (మత్తు విభాగానికి పెద్ద, మనిషి మాత్రం నా భుజం దాకా వచ్చేది) మొదటి రోజే, "కోసేటోళ్లకు పొట్ట కనిపిస్తది. మనకు మనిషి కనిపించాలె" అని చెప్పింది. ఆ మాటకు నాకు చదువు మీద ప్రేమ పుట్టాల్సింది. భయం పుట్టింది. అప్పట్నుంచీ నాకు మనుషులు తెగ కనిపించడం మొదలుపెట్టారు. బస్సులో పక్క సీటాయన కునికితే ఆయన ఛాతీ లేస్తోందా లేదా అని చూసేదాన్ని. బాపు పేపర్ చదువుతూ కాసేపు కదలకపోతే "బాపూ" అని పిలిచేదాన్ని. దవడను వేళ్లతో పైకి లేపి పట్టుకోవడం మా పనిలో మొదటి పాఠం. నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగకుండా అలా పట్టుకోవాలి. అది నాకు చేతకావడం లేదని ఒక మధ్యాహ్నం, నాయినమ్మ చాప మీద కునుకు తీస్తుంటే తల దగ్గర కూర్చొని ఆమె దవడ మీద అభ్యాసం మొదలుపెట్టాను. చక్కగా కుదిరింది. గురక కూడా ఆగింది. నేను సంతోషించేలోపు ఆమె కళ్లు తెరిచి, "ఓ కొడకా, గిటు రార! నీ బిడ్డ నా గొంతు పిసుకుతాంది!" అని కేక పెట్టింది. అప్పట్నుంచి ఆమె నేను కాలేజీకి పోయాకే పడుకునేది.

ఈథర్ అనే మత్తుమందు వాసన సంగతి వేరే చెప్పాలి. అది జుట్టులో, చీరలో, పుస్తకాల్లో చేరిపోయేది. సబ్బుకు లొంగేది కాదు. సాయంత్రం కిక్కిరిసిన బస్సెక్కితే చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని మర్యాదగా జరిగేవారు. (ఆ రెండేళ్లూ నేను నిలబడి ప్రయాణం చేసిన గుర్తు లేదు.) పైకి హాయిగానే ఉండేదాన్ని గానీ, మనసులో మాత్రం ఎప్పుడూ ఒకటే ఆలోచన. ఇవాళ కాకపోతే రేపు, పెద్ద మేడం పక్కన లేకుండా నేనొక్కదాన్నే ఒక మనిషిని నిద్రపుచ్చాలి. నిద్రపుచ్చాక ఆ మనిషి లేవాలి. లేవకపోతే? ఆ ప్రశ్న దగ్గరే నా బుర్ర ఆగిపోయేది. ఆ మొదటి కేసులో ఏదైనా అయితే చదువు మానేసి ములుగు పోతానని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను. అడవి అంటే భయం తగ్గి, ఈ సంచి అంటే భయం పెరిగిందన్నమాట.

ఆ మొదటి పేషెంటు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అయితే బాగుండేది. దేవుడు అంత తేలిగ్గా వదలలేదు. నన్ను రెండో తరగతి నుంచి మెట్రిక్ దాకా బడికి తీసుకుపోయిన రిక్షా చాచాను పంపాడు. చాచాకు పిత్తాశయంలో రాళ్లు. నొప్పి వస్తే రిక్షాను రోడ్డు పక్కన ఆపి హాండిల్ మీద వాలిపోతున్నాడని ఆయన భార్య, మా చాచి తర్వాత చెప్పింది. ఆపరేషన్ చేయకపోతే ఎప్పుడో చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని సర్జన్లు తేల్చేశారు. చాచా మాత్రం అప్పటికే రెండుసార్లు వార్డులో చేరి పారిపోయాడు. ఒకసారి ఎనిమా డబ్బా చూసి, ఇంకోసారి పక్క మంచం పేషెంటు కుట్లు చూసి. మూడోసారి చేరినవాడు పారిపోకుండా ఆగింది నా వల్ల. వార్డులో తెల్లకోటు వేసుకొని నడుస్తున్న నన్ను చూసి మంచం మీద లేచి కూర్చున్నాడు. "అరె బేటా, నువ్వా! గీ దవాఖానల ఏం జేస్తానవ్?" అన్నాడు. మత్తు ఇస్తానని చెప్పాను. "అంటె నాకు గూడ నువ్వే ఇస్తవా?" అన్నాడు. మా మేడం ఉంటుంది, పెద్ద డాక్టర్లు ఉంటారు అని చెప్పబోయాను. "వాళ్లెవరో నాకెందుకు బేటా? నువ్వుంటె నాకు ఫికర్ లేదు. నువ్వు ఇయ్యకుంటె మాత్రం నేను ఇప్పుడే ఇంటికి పోత" అన్నాడు. పెద్ద మేడం ఈ సంగతి విని, "బాగుంది. నీ మొదటి కేసు అదే. నేను పక్క థియేటర్‌లో ఉంట" అని తేల్చేసింది. నన్ను నమ్మిన మొదటి పేషెంటు ఆయన. ఆ నమ్మకానికి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం వార్డుకు పోయి చాచా మంచం పక్కన కూర్చున్నాను. పాఠంలో చెప్పినవన్నీ వరుసగా అడిగాను. పళ్లు కదులుతున్నాయా, దగ్గు ఉందా, బీడీలు ఎన్ని కాలుస్తావు. (పళ్లు కదలవు, దగ్గు లేదు, బీడీల దగ్గర చాచి ఆయన్ని ఒక చూపు చూసింది.) చివరికి అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాను. మత్తులో ఉన్న మనిషి వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి దక్కడు. అందుకే కడుపు ఖాళీగా ఉండాలి. "రేపు ఏం తినొద్దు చాచా. తాగొద్దు. మంచినీళ్లు సుత వద్దు" అన్నాను. చాచి ముసుగు సర్దుకుంటూ, "అంటె రంజాన్ల ఉండే రోజా లెక్కనా బేటీ?" అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వార్డులో ఎంతమందికి ఎన్ని విధాల చెప్పినా ఎవరో ఒకరు పొద్దున చాయ్ తాగి వచ్చేవారు. ఇక్కడ ఒక్క మాటలో పని అయిపోయింది. "ఆ, అచ్చం రోజా లెక్కనే చాచీ!" అన్నాను. చాచా గుండె మీద చెయ్యి పెట్టుకొని, "ఇన్నేండ్ల సంది ఒక్క రోజా ఇడిసిపెట్టలే. ఇది నాకొక లెక్కనా బేటా?" అన్నాడు. ఇంత చక్కటి ఉపమానం మా పుస్తకాల్లో ఎందుకు రాయలేదా అని ఆలోచిస్తూ, డ్యూటీ రోజుల్లో నేనుండే హాస్టల్‌కు పోయాను.

మర్నాడు పొద్దున థియేటర్. ఆ రోజు సర్జన్ మా అందరి నోళ్లలో కత్తి సార్. (చేతిలో ఉన్నదాన్ని బట్టి పెట్టిన పేరు కాదు, నోట్లో ఉన్నదాన్ని బట్టి పెట్టింది.) ఆయన చేతులు కడుక్కొని, గ్లవ్స్ తొడుక్కొని, రెండు చేతులూ ఛాతీ ముందు ఎత్తి పట్టుకొని నిలబడితే, ఆలస్యమయ్యే ప్రతి క్షణానికీ ఎవరో ఒకరు తిట్లు తినాల్సిందే. నేను మిషన్‌ను పరీక్షించాను. సిలిండర్లు చూశాను. మళ్లీ చూశాను. సంచి నొక్కాను. మందు సిరంజిలోకి ఎక్కించాను. చేతులు సన్నగా వణుకుతున్నాయి. చాచా టేబుల్ మీద వెల్లకిలా పడుకొని, పైనున్న పెద్ద లైటును కొత్తపెళ్లికొడుకులా సిగ్గుగా చూస్తున్నాడు. "చాచా, ఏం తినలేదు గదా?" అని అడిగాను. "తోబ తోబ! అజాన్ అయినకాడికెళ్లి ఉమ్మి సుత మింగలే బేటా" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి పేషెంట్లు ఉంటే మత్తు డాక్టర్లకు ఏం కష్టం అనుకున్నాను. చేతిలోని నరంలో సూది గుచ్చాను. మందు నెట్టడానికి సిరంజి మీద బొటనవేలు పెట్టాను. సరిగ్గా అప్పుడు చాచా తేన్చాడు. చిన్నా చితకా తేన్పు కాదది. కడుపు అడుగు నుంచి బయల్దేరి తీరుబడిగా పైకి వచ్చింది. వచ్చాక ఆయన ఎంతో మర్యాదగా "అల్హమ్దులిల్లా" అని దేవుడికి శుక్రియా చెప్పుకున్నాడు. వెంటనే నా ముక్కుకు వెల్లుల్లి వాసన, దాని వెనకే కొత్తిమీర వేసిన కీమా వాసన తగిలాయి. నెలల తరబడి ఈథర్ తప్ప మరే వాసనా ఎరగని నా ముక్కు ఆ కీమాను మాత్రం గుర్తుపట్టింది.

నా బొటనవేలు అక్కడే ఆగిపోయింది. "చాచా, అజాన్ కంటె ముందు ఏమన్న తిన్నవా?" అన్నాను. "ముందా? ముందు సహరీ చేసిన గదా బేటా" అన్నాడు చాచా, ఇదేం ప్రశ్న అన్నట్టు. "సహరీ చెయ్యకుంట రోజా ఎట్లుంటరు? దినమంత ఆగాలె గదా. మీ చాచి ఇంటికాన్నించి డబ్బా తెచ్చింది. పరాటలు, కీమా, జర పెరుగు. ఆఖరికి ఒక గిలాస పాలు. అజాన్ ఇనంగనే చెయ్యి కడిగేసిన. ఆ తర్వాత నోరు తెరిస్తె ఒట్టు." రోజా లెక్కనే అన్నాను కదా! ఆయన అచ్చం రోజా లెక్కనే ఉన్నాడు. తెల్లవారకముందే లేచి కడుపునిండా తిని, ఆ తర్వాత ఉమ్మి కూడా మింగకుండా ఉన్నాడు. నేను చెప్పినదాన్ని ఇంత నిష్ఠగా పాటించిన పేషెంటు ఆ తర్వాత నా సర్వీసు మొత్తంలో మరొకరు కనబడలేదు. ఆయన రోజాలో ఏ లోపమూ లేదు. కడుపులో మాత్రం పరాటలున్నాయి. నా బొటనవేలు రవ్వంత ముందుకు కదిలి ఉంటే ఆ పరాటలు ఎక్కడికి పోయేవో తలుచుకుంటే ఇప్పటికీ అరచేతుల్లో చెమట పడుతుంది.

"ఏందమ్మా, కథలు చెప్పుకుంటాండ్రా? మొదలుపెట్టు" అన్నాడు కత్తి సార్. నేను సిరంజి పక్కన పెట్టాను. అంత బరువైన వస్తువును నేను అంతకుముందు దించలేదు. "సార్, ఈ పేషెంటుకు ఇవాళ మత్తు ఇయ్యలేను" అన్నాను. "ఇయ్యలేవా? చేతకాదా?" అన్నాడు ఆయన. "కడుపు నిండా ఉంది సార్" అన్నాను. "మరి నువ్వు నిన్న సాయంత్రం ఏం పీకినవ్? వీడు రెండుసార్లు పారిపోయిన కేసు. ఇవాళ వదిలితే మళ్లీ దొరకడు. లోపల రాయి ఆగుతదా నీ కోసం? ట్యూబు వేసి కడుపు ఖాళీ చేసి మొదలుపెట్టు." అందులో నిజం లేకపోలేదు. చాచా చేజారితే మళ్లీ రాడు. రాకపోతే ఆ రాయి ఆయన్ని ఏదో ఒకనాడు తీసుకుపోతుంది. ఇవాళ మత్తిస్తే నేనే తీసుకుపోవచ్చు. ట్యూబులో నీళ్లొస్తాయి గానీ పరాటలు రావు. పళ్లు వణుకుతున్నాయేమో తెలియదు. మాస్కు ఉంది కాబట్టి పరువు దక్కింది. "ఇయ్యను సార్" అని మళ్లీ అన్నాను. కత్తి సార్ గ్లవ్స్ లాగి బకెట్‌లో విసిరి, "మీ మేడంను పిలువు. ఇట్లాంటి పిరికి పిల్లను థియేటర్‌ల ఎవరు పెట్టిండ్రో ఆమెనే అడుగుత" అన్నాడు.

పక్క థియేటర్‌లో కేసును తోటి డాక్టర్‌కు అప్పగించి పెద్ద మేడం వచ్చింది. నా మొహం చూసింది, కత్తి సార్ మొహం చూసింది, ఇద్దర్నీ వదిలేసి చాచా తల దగ్గర స్టూలు లాక్కొని కూర్చుంది. "ఏం తిన్నవ్ తాతా?" అని తీరిగ్గా అడిగింది. చాచా మళ్లీ మొదలుపెట్టాడు. పరాటలు ఎన్నో, పాలు ఎంతో అన్నీ ఆరా తీసింది. "కీమాల మెంతికూర వేస్తరా మీ ఇంట్ల?" అని అడిగింది. "శీతకాలం వేస్తరమ్మా" అన్నాడు చాచా. కత్తి సార్ చేతులు ఏం చేయాలో తోచక నడుం మీద పెట్టుకున్నాడు. అప్పుడు మేడం లేచి, "సార్, మీ పేషెంటు సుష్టుగా భోంచేసి వచ్చిండు. ఇవాళ మత్తిస్తే మీరు పిత్తాశయం తీసేలోపు నేను ఊపిరితిత్తులకు దండం పెట్టుకోవాలె. మా పిల్ల ఆపింది, మంచిదైంది. రండి, చాయ్ తాగుదాం" అంది. ఆయన చాయ్ తాగాడో లేదో తెలియదు. మేడం నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. పోతూ పోతూ, "వచ్చేవారం ఇదే పేషెంటును నువ్వే టేబుల్ మీదికి తేవాలె. ఎట్ల తెస్తవో నాకు తెల్వదు" అంది.

చాచా సంగతి ఇంకా అయిపోలేదు. వార్డుకు తీసుకుపోయాక సిస్టర్ అన్నం పెట్టబోతే ముట్టలేదు. "మనసుల అనుకొని నియ్యత్ చేసిన రోజా మధ్యల ఇడువరాదు, మగ్రిబ్ దాక ఆగుత" అన్నాడు. తిన్నాడని ఆపరేషన్ ఆపేస్తే, ఆ పేషెంటు సూర్యుడు అస్తమించేదాకా మంచినీళ్లు ముట్టకుండా కూర్చున్నాడు. సిస్టర్ నన్ను చూసిన చూపు నేను ఇంకా మరిచిపోలేదు. ఇఫ్తార్ చేసుకొని, ఇది దేవుడు వద్దన్న నిశాని అని చెప్పి, మూడోసారి ఇంటికి వెళ్లిపోయాడు.

రెండు రోజులు గడిచాక మండీబజార్ వైపు రిక్షాలు ఆగే చోట ఆయన్ని పట్టుకున్నాను. సవారీ లేదు. వెనక సీట్లో తనే కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. మొహం పసుపుగా ఉంది. రాత్రి మళ్లీ నొప్పి వచ్చిందట. నేను అల్లుకొచ్చిన ధైర్యవచనాలన్నీ వినిపించాను. ఏం కాదు, చిన్న ఆపరేషన్, మేడం ఉంటుంది. ఆయన అంతా విని, "బేటా, నిజం చెప్పు. ఆ పొద్దు నీ చేతులు వణికినయ్. నేను సూసిన" అన్నాడు. నా దగ్గర ఉన్న ధైర్యవచనాలు అయిపోయాయి. "వణికినయ్ చాచా" అన్నాను. "ఇప్పుడు సుత నిన్ను తలుసుకుంటె వణుకుతానయ్. నీకు ఏమన్న అయితే చాచికి నా మొఖం ఎట్ల సూపెట్టాలె అని భయమైతాంది." ఒక డాక్టర్ పేషెంటుకు చెప్పాల్సిన మాట కాదది. మా ప్రొఫెసర్లు వింటే నా డిప్లొమా అక్కడే చించేసేవారు. చాచా మాత్రం, "భయమైనా సుత ఆ పెద్ద సార్‌కు ఎదురు చెప్పినవ్" అన్నాడు. "భయమైతాందనే చెప్పిన చాచా" అన్నాను. ఆయన సీటు దిగి తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "అట్లయితె వస్త. భయం లేనోళ్లు పండుకోబెడితె నాకు నిద్ర పట్టది" అన్నాడు.

ఆ రెండోసారి నేను ఏ ఉపమానమూ వాడలేదు. ముందు రోజు సాయంత్రమే చాచి డబ్బాను హాస్టల్‌కు పట్టుకుపోయి నా గదిలో పెట్టి తాళం వేశాను. కోడి కూయకముందే వార్డుకు వచ్చి చాచా మంచం పక్క స్టూలు మీద కాపలా కూర్చున్నాను. పక్క మంచం ముసలాయన అరటిపండు ఒలుస్తుంటే ఆయన వంక అనుమానంగా చూశాను. థియేటర్‌లో కత్తి సార్ నన్ను చూసి, "ఇవాళన్న ఇస్తవా?" అని మాత్రమే అన్నాడు. ఇచ్చాను. చాచా కళ్లు మూతలు పడేముందు, "బేటా, నేను పండుకున్నంక నువ్వు యాడికి పోవు గదా?" అని అడిగాడు. "ఈడనే ఉంట చాచా" అన్నాను. ఊపిరి గొట్టంలోకి ట్యూబు ఒకే ప్రయత్నంలో పోయింది. ఆ తర్వాత సంచి నొక్కుతూ నిలబడ్డాను. నొక్కాను, వదిలాను, నొక్కాను. కత్తి సార్ రాళ్లను పింగాణీ గిన్నెలో వేస్తే వచ్చిన చప్పుడుకు కూడా నేను తల తిప్పలేదు. కుట్లు అయిపోయాయి. మత్తు ఆపేశాను. సర్జన్లు, సిస్టర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. (ఆపరేషన్ బాగా జరిగిందని అందరూ సంతోషించే ఆ వేళకే మా పరీక్ష మొదలవుతుంది.) "చాచా, కండ్లు తెరువు" అన్నాను. తెరవలేదు. ఊపిరి వస్తోంది, నాడి ఆడుతోంది, కనురెప్పలు మాత్రం కదలడం లేదు. "చాచా" అన్నాను మళ్లీ. మేడం తలుపు దగ్గర నిలబడి చూస్తోంది గానీ లోపలికి రావడం లేదు. ములుగు బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా ఆలోచించేశాను. అప్పుడు ఆయన దగ్గాడు. మింగాడు. చెయ్యి గట్టిగా పట్టుకోమంటే పట్టుకున్నాడు. ట్యూబు తీసేశాను. కాసేపటికి కళ్లు సగం తెరిచి, ఎక్కడో ఉన్నవాడిలా నా వంక చూశాడు. నొప్పి అంటాడనుకున్నాను, నీళ్లు అంటాడనుకున్నాను.

"బేటా... తిన్నవా?" అన్నాడు.

నేను తినలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచీ నా కడుపులో ఏమీ లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "తినలే చాచా" అన్నాను. అంతే, ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు మాస్కులోంచి బయటికి వచ్చింది. మేడం లోపలికి వచ్చి, "ఏమైంది? లేవలేదా?" అని కంగారుపడింది. (ఆమె కంగారు పడగా చూడటం అదే మొదటిసారి, అదే చివరిసారి.) లేచాడన్నట్టు నవ్వుతూ ఏడుస్తూ చాచా వైపు చూపించాను. ఆయన మళ్లీ నిద్రలోకి జారుతూ, "పోయి తినురా బేటా" అని గొణిగాడు. నేను పోలేదు. వార్డుకు చేర్చాక కూడా, ఆయన పూర్తిగా తెలివిలోకి వచ్చి చాచితో పోట్లాడేదాకా, నాడి మీద వేళ్లు తీయకుండా అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ పని చేశాను. పేషెంట్లు నయమై ఇంటికి పోతూ సర్జన్‌కు దండం పెడతారు, మిఠాయిలు ఇస్తారు. మత్తు డాక్టర్ మొహం ఎవరికీ గుర్తుండదు, కళ్లు మూసుకున్నాక కదా మా పని. అందుకు నాకు బాధ లేదు. కానీ అప్పుడప్పుడు ఆ రోజు గుర్తొస్తుంది. ఈథర్ కంపుతో, నలిగిన చీరతో, ఆరోగ్యంగా గురక పెడుతున్న మనిషి నాడిని పట్టుకొని, అది ఇప్పుడో అప్పుడో ఆగిపోతుందేమోనని చూస్తూ ఒక బక్కపలచటి పిల్ల కనిపిస్తుంది. వెనక నుంచి వెళ్లి ఆ పిల్ల భుజం తట్టి, "ఆయనకేం కాలేదు బిడ్డా. ఇగ ఆ చెయ్యి ఇడువు, పోయి జర తిను" అనాలనిపిస్తుంది. అన్నా వినేది కాదు లెండి.